జోడు గొట్టాలు, రెండు నిమ్మకాయలు

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే సామెత మా ఇంటివాళ్లను చూసే పుట్టిందని నా అనుమానం. మా ఇంట్లో నెయ్యికి బదులు తుపాకి ఉండేది. జోడు గొట్టాల తుపాకి. జవళగిరిలో అడవి అంచున ఉన్న మా రాగిచేలో అడవిపందులు పడకుండా తాత లైసెన్సు తీసుకుని కొన్నాడు. దానితో ఆయన ఒక చిరుతను కొట్టాడని మా వాళ్లు చెప్పేవాళ్లు. చెప్పిన ప్రతిసారీ ఆ చిరుత ఒక జానెడు పెరిగేది. నా చిన్నప్పుడు మేకంత ఉన్నది, నాకు పెళ్లయ్యేనాటికి దూడంత అయింది. దాని తోలు గానీ, గోరు గానీ మా ఇంట్లో ఎవరూ చూసిన పాపాన పోలేదు. నాకు తెలిసి ఆ తుపాకి చంపింది పక్కచేనివాళ్ల నీళ్ల డ్రమ్మును ఒక్కదాన్నే.

దానికి అసలు గౌరవం ఊరి అమ్మవారి జాతరలో దక్కేది. మా ఇంటి మగవాడు తేరు ముందున్న రాతి అరుగు మీద నిలబడి ఆకాశంలోకి ఒక్కసారి పేలిస్తే గానీ తేరు కదలకూడదు. దీన్ని తొలి ఏటు అంటారు. ఊరంతా తేరు తాడు పట్టుకుని, ఎండకు అరికాళ్లు కాలుతున్నా, మా వాళ్ల తీరిక కోసం కాచుకుని ఉండాలి. ఆ తాడు ముట్టుకోవడం మా ఇంటి మగవాళ్లకు నామోషీ. తాడు లాగేవాళ్లు వేరే, ఏటు వేసేవాళ్లు వేరే. దేవత కూడా తమ అనుమతి తీసుకునే కదులుతుందని నమ్మే వంశం మాది.

తాత తరువాత ఆ పని నాయనకు వచ్చింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన పోయేవరకు ఏటా ఆయనే పేల్చాడు. పోనుపోను దానికి ఒక పద్ధతి ఏర్పడింది. ముందు తెల్లటి తువ్వాలును నాలుగు మడతలు పెట్టి, నీళ్లలో తడిపి, ఎడమచేతికి దట్టంగా చుట్టుకునేవాడు. తరువాత జనాన్ని పది అడుగులు వెనక్కి పొమ్మనేవాడు. పిల్లలమైతే తేరు చాటుకు పోవాలి. చివరికి తుపాకిని ఒంటికి దూరంగా, చేతులు చాచి పట్టుకుని, మొహం పూర్తిగా పక్కకు తిప్పుకుని ట్రిగ్గర్ నొక్కేవాడు. "చూడప్పా, ఏమి దర్జా! పేలే పక్కకన్నా చూడడు" అని ఊళ్లోవాళ్లు మురిసిపోయేవాళ్లు. నాకు మాత్రం ఒళ్లు మండేది. ఇరవై ఏళ్లప్పుడు ఒకసారి మొహం మీదే అన్నాను: "నాయనా, ఫోటో తీసేవాడు ఆ పక్క నిలబడినాడా ఏమి, అట్లా తిప్పుకుంటావు?" ఆయన నవ్వి ఊరుకున్నాడు. సమాధానం లేక నవ్వాడని అప్పుడు నేను తీర్మానించుకున్నాను.

తీర్మానాలు చెయ్యడం నా ఉద్యోగం కూడా. హోసూరులో, మూకండపల్లి దగ్గర ఒక బండి విడిభాగాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేసి, మత్తిగిరిలో ఇల్లు కట్టుకుని రిటైరయ్యాను. ఒప్పుకోవడం కంటే తిరగ్గొట్టడం నాకు బాగా వచ్చిన విద్య. నిమ్మకాయ చిత్రాన్నం తిన్న చెయ్యి కడుక్కోకుండా, కొలతలు చూసే గేజి ముట్టుకుంటే, నిమ్మపులుపుకు ఇనుము పాడవుతుందని, ఎంత పెద్ద సూపర్‌వైజరునైనా నిలబెట్టి కడిగేసేదాన్ని. ఆయుధపూజ నాడు నా మైక్రోమీటరుకు ఎవరో కుంకుమ బొట్టు పెడితే ఆ మనిషిని వెతికి పట్టుకుని వారం రోజులు తిట్టాను. "భక్తి ఉంటే మిషను ఒంటికి పెట్టుకోండప్పా, కొలిచే దానికి కాదు" అనేదాన్ని. నా వెనక నన్ను ఏమనేవాళ్లో నాకు తెలుసు. లెక్కచెయ్యలేదు.

నాయన పోయాక తుపాకిని కృష్ణగిరిలో ఒక తుపాకుల అంగట్లో అప్పగించారు. లైసెన్సు ఉన్న మనిషి పోతే, అది ఇంకొకరి పేరుకు మారేదాకా అక్కడే ఉండాలట. మూడేళ్లు ఉంది. మూడు జాతరలు తొలి ఏటు లేకుండానే జరిగాయి. గులాబీ తోటలతో కొత్తగా పైకొచ్చిన ఒక కుటుంబం వెయ్యివాలా టపాకాయలు కాల్చింది, తేరు హాయిగా కదిలింది. అమ్మవారికి ఏ అభ్యంతరమూ ఉన్నట్టు కనబడలేదు. నిద్రపట్టనిది మా తమ్ముడికి.

జాతర రెండు నెలలుందనగా తమ్ముడు మత్తిగిరికి వచ్చాడు. జవళగిరిలో వ్యవసాయం చూసుకునేది వాడే.

"అక్కా, ఒక సంతకం గావాల" అన్నాడు.

"దేనికిరా?"

"తుపాకి లైసెన్సు నా పేరుకు మార్చుకుంటా. నీకేమీ అడ్డం లేదని రాసిస్తే చాలు. రిపేరు చేయించి ఈ జాతరకు తొలి ఏటు ఏస్తా."

"జనంలో తుపాకి పేలిస్తే ఇప్పుడు కేసు పెడతారు, తెలుసునా?"

"ఒక ఏటే గదక్కా. యావడు చూస్తాడు?"

"చూసేదానికే గదరా నువ్వు పేల్చేది!"

వాడికి కోపం వచ్చింది. టీ అంగడి దగ్గర రోజూ ఎవడో ఒకడు "ఏమప్పా, మీ తుపాకికి జలుబు చేసినట్టుందే" అంటున్నాడట. గులాబీ తోటల ఆసామి అయితే, "కావాలంటే మా టపాకాయల్లో ఒక సరం మీకిస్తాము" అన్నాడట. "నీకు ఈడ టౌన్లో ఏమి తెలుస్తాది? ఆడ తల ఎత్తుకుని తిరగాల్సింది నేను" అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. యాభై రెండేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, ఒక్క చప్పుడు కోసం! పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. కానీ వాడికి అది హాస్యం కాదని నాకు తెలుసు.

"ముందు నేను తుపాకిని చూస్తా. పేల్చేదానికి పనికొస్తాదని నాకు తోస్తే సంతకం. లేదంటే లేదు" అన్నాను.

వాడు వెంటనే ఒప్పుకున్నాడు. నేను తిరగ్గొట్టలేని వస్తువు మా ఇంట్లో ఉందని వాడి ధీమా.

మరుసటి వారం ఇద్దరం కృష్ణగిరి బస్సెక్కాం. తమ్ముడి చేతిలో ఒక బట్టల అంగడి సంచి ఉంది. సూళగిరి దాటాక ఉండబట్టలేక తీసి చూపించాడు. జరీ అంచు పట్టు తువ్వాలు.

"ఇదేమిరా?"

"చేతికి చుట్టుకునేదానికి. నాయన మామూలు గుడ్డ చుట్టుకుంటా ఉండె. మనము కొంచెం గ్రాండుగా చేస్తాము."

పట్టు తడిపితే పాడవుతుందే అన్నాను. అందుకే తడపకుండా చుట్టుకుంటానన్నాడు. జనాన్ని వెనక్కి పంపడానికి ఈసారి తాడు కడతాడట. మొహం ఏ పక్కకు తిప్పుకుంటే ఫోన్లలో బాగా పడుతుందో కూడా ఆలోచించుకున్నాడు. కృష్ణగిరి కొండ కనబడేదాకా నేను కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాను.

అంగట్లో తుపాకులు బాగుచేసే ముసలాయన నాయనకు పాత పరిచయం. మేము ఫలానావాళ్లమని చెప్పగానే, "రామ్మా, కూర్చోండి" అని లోపలికి పోయి తుపాకిని తెచ్చి బల్ల మీద పెట్టాడు. కొయ్య భాగం బాగానే ఉంది. బయట గొట్టాల మీద అక్కడక్కడా మచ్చలు తప్ప మరీ చెడ్డగా లేదు. తమ్ముడు నా వైపు గెలిచినట్టు చూశాడు.

ముసలాయన తుపాకిని నడుం దగ్గర విరిచి తెరిచాడు. నేను ఆ చివర తెల్లకాగితం పెట్టమని చెప్పి, ఫోన్ లైటు వేసి ఈ చివర నుంచి గొట్టాల లోపలికి చూశాను. మంచి గొట్టం లోపల అద్దంలా మెరవాలి. ఇవి రెండూ అమ్మవారు పోసిన మొహంలా గుంతలు పడి ఉన్నాయి. మూతి దగ్గర తక్కువ. లోపలికి పోయేకొద్దీ ఎక్కువ. తూటా కూర్చునే చోటికి ముందు, పేలినప్పుడు దెబ్బంతా తగిలే చోట, మరీ లోతు. ఎడమ గొట్టంలో ఒక గుంతను ముసలాయన వంచిన సూదితో తడిమి చూపించాడు. నా ఫ్యాక్టరీలో ఇలాంటి ముక్క వస్తే కొలవడానికి కూడా చేతికి తీసుకునేదాన్ని కాదు.

"రిపేరు అయితాదా?" అని అడిగాడు తమ్ముడు.

"పాలిష్ కొట్టి, నల్లరంగు ఎక్కిచ్చి, కొత్త పెండ్లికొడుకు మాదిరి చేసిస్తానప్పా. గోడకు తగిలిచ్చుకోండి. పేల్చేదానికి గాదు. పేలిస్తే గొట్టం పగులుతాది. కింద పట్టుకున్న ఎడమచెయ్యి పోతాది."

"సగం మందు ఏసిన తూటాతో?"

ముసలాయన కళ్లద్దాలు తీసేశాడు. "మీ నాయన గూడా అదే అడిగినాడు" అన్నాడు.

నాయన ఈ తుపాకిని నలభై ఐదేళ్ల కిందటే ఆయన దగ్గరికి తెచ్చాడట. అప్పుడే ఆయన వద్దన్నాడట. పేల్చకుంటే ఊళ్లో తల ఎత్తుకోలేనని నాయన బతిమాలితే, గుండ్లు లేకుండా, మందు బాగా తగ్గించి ఏటా ఒకే ఒక తూటా కట్టిచ్చేవాడట. "కట్టిచ్చి చెప్తా ఉంటిని. తువ్వాలు తడిపి చేతికి మందంగా చుట్టుకో. తుపాకి ఒంటికి దూరంగా పట్టుకో. మొహం పక్కకు పెట్టుకో, కండ్లన్నా మిగులుతాయి. జనాన్ని దగ్గర రానియ్యొద్దు. పిల్లోళ్లను అసలు రానియ్యొద్దు. ఏటా జాతర అయినంక ఫోన్ చేసి 'చెయ్యి ఉందన్నా' అని నవ్వుతా ఉండె."

తమ్ముడు సంచిలోని పట్టు తువ్వాలును లోపలికి తోసేశాడు. నేను వాడి వైపు చూడలేదు. దర్జా అనుకున్నదంతా భయం. ఆ భయానికి ఊరు దండం పెట్టింది, ఆయన కొడుకు దానికి జరీ అంచు కొనుక్కొచ్చాడు, కూతురు ఫోటో పిచ్చి అని ఎగతాళి చేసింది. మా వంశంలో ఒక్కళ్లకైనా బుర్ర ఉందా అని నాకు అనిపించింది. అందులో నన్ను నేను కలుపుకోలేదు, ఇంకా.

"బయట ఇంత బాగుండి లోపల ఎట్లా తిన్నాది? నాయన ఏటా నూనె పెట్టి తుడుస్తా ఉండెనే" అన్నాను.

"నిమ్మకాయలమ్మా" అన్నాడు ముసలాయన.

నాకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది.

మా ఇంట్లో ఆడపిల్ల తుపాకిని ముట్టుకోకూడదు. ఎనిమిదేళ్లప్పుడు, తమ్ముడు నడక రాని వయసులోనే దాన్ని తడుముతుంటే నాకెందుకు లేదని ఆయుధపూజ నాడు కింద పడి దొర్లి ఏడ్చాను. అప్పుడు నాయన, సరే, పూజ నాడు దాన్ని అలంకరించే పని పాపదే అని తీర్పు చెప్పాడు. కొడవళ్లు, నాగలి, తుపాకి అన్నీ వరసగా పెట్టేవాళ్లు. తుపాకిని గోడకు నిటారుగా నిలబెట్టేవాళ్లు. నేను బొట్లు పెట్టి, నిమ్మకాయలు సగానికి కోసి కుంకుమ అద్ది, రెండు గొట్టాల మూతుల్లోనూ ఒక్కొక్క చెక్కను బిరడాలా నొక్కేదాన్ని. నొక్కితే రసం లోపలికి కారిపోయేది. మరునాటి పొద్దుటిదాకా అవి అలాగే ఉండేవి. అది నా సొంత తెలివి. ఊళ్లో బండ్ల చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. తుపాకికి చక్రాలు లేవు కాబట్టి మూతిలో పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. పెళ్లయ్యాక, ఉద్యోగంలో చేరాక కూడా ఆ పూటకు తప్పకుండా జవళగిరి పోయేదాన్ని. చిత్రాన్నం తిన్న చెయ్యితో గేజి ముట్టనివ్వని ఇన్‌స్పెక్టర్నే, ఏటా ఇనుప గొట్టంలో నిమ్మరసం పిండి వచ్చేదాన్ని. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. పూజగదిలోకి పోయేటప్పుడు చెప్పులతో పాటు బుర్రను కూడా గుమ్మం బయట వదిలేస్తామేమో.

"ఒక తూరి లోపల నిమ్మ విత్తనం అంటుకోని ఉండె" అన్నాడు ముసలాయన. "ఇది మాన్పించప్పా అని మీ నాయనకు చెప్తిని. ఆయన ఒప్పుకోలే. 'పాప పెడతాది. ఏడాదికి ఒక దినం ఆ పిల్లను ముందుకు పిలుస్తాము. దాన్ని గూడా వద్దంటే ఎట్లా' అన్నాడు. ఆ పాప నువ్వేనామ్మా?"

నేనే అన్నాను.

అప్పుడు నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఒక్క మాట చెప్పి ఉంటే ఆ నిమ్మకాయలు కొయ్యకు కట్టేదాన్ని, కాళ్ల దగ్గర పెట్టేదాన్ని. నలభై ఏళ్లు తన చెయ్యిని పందెం పెట్టే బదులు ఒక్క మాట! ఊరి ముందు తుపాకి పాడైందని చెప్పలేడు, కూతురి ముందు నిమ్మకాయ వద్దని చెప్పలేడు. మా మగవాళ్లకు గర్వమూ ప్రేమా రెండూ నోరు తెరిచి చెప్పడం రాదు. పూజ మరునాడు పెరట్లో గుడ్డా కమ్మీ పట్టుకుని గంటసేపు ఆ గొట్టాలు తోమే నాయనను చూసి, కోడల్ని కూడా ఇంత ముద్దు చెయ్యడని నేను నవ్వేదాన్ని. ఆయన నేను చేసిన పాపం కడుక్కుంటున్నాడు.

బస్సులో తిరిగి వస్తూ, హోసూరు దగ్గర పడుతుండగా తమ్ముడు మెల్లగా అన్నాడు: "అక్కా, పాలిష్ చేయించి పెట్టుకుందాము. జాతరలో నేను ఊరికే ఎత్తి పట్టుకుంటా. అదే సమయానికి అరుగు వెనకాల ఒకడు ఆటంబాంబు కాలుస్తాడు. ఎవరికీ తెలియదు."

"సంతకం పెట్టను" అన్నాను. "నాయన నిజంగా పేల్చినాడురా, చెయ్యి పోతాదని తెలిసి. నీది అదీ కాదు, డ్రామా."

"నీకేమిలే. నిన్ను ఎవరూ అడగరు" అని వాడు బస్టాండులో దిగి వెళ్లిపోయాడు. జాతర వరకు ఫోన్ చెయ్యలేదు.

జాతర రోజు నేను పిలవకుండానే పోయాను. తేరుకు తాడు కట్టారు. జనం పట్టుకుని నిలబడ్డారు. తమ్ముడు తెల్లపంచె కట్టుకుని, ఉత్త చేతులతో రాతి అరుగు పక్కన ఉన్నాడు. గులాబీ తోటల ఆసామి టపాకాయల సరం పరిపించుకుని సిద్ధంగా ఉన్నాడు. ఊరి పెద్ద ఒకాయన గట్టిగానే అడిగాడు: "ఏమప్పా, ఈ తూరన్నా తొలి ఏటు ఉందా, లేదా?"

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "లైసెన్సు పని కొంచెం లేటు అయ్యిందన్నా. వచ్చే ఏడు తప్పకుండా..."

వచ్చే ఏడు కూడా వాడు ఇదే మాట చెప్పాలి. ఆ పై ఏడు ఎవరో ఒకరు పాలిష్ కొట్టి ఇస్తారు, ఇంకెవరో తూటా ఇస్తారు. నేను వాడి పక్కకు పోయి నిలబడ్డాను.

"తుపాకి పేలదన్నా. ఇంక ఎప్పుడూ పేలదు" అన్నాను. "చెడగొట్టింది నేను. ఆయుధపూజకు ఏటా గొట్టాల్లో నిమ్మకాయలు పెట్టి లోపలంతా తుప్పు పట్టించినాను. అది తెలిసి గూడా మా నాయన చెయ్యి పోతాదేమో అనే భయంతోనే ఇన్నేండ్లు పేల్చినాడు. తువ్వాలు చుట్టుకునింది అందుకే. మొహం తిప్పుకునింది అందుకే. మిమ్మల్ని వెనక్కి పొమ్మనింది అందుకే."

జీవితంలో మొదటిసారి నన్ను నేను తిరగ్గొట్టుకున్నాను, అదీ అంతమంది ముందు. తాడు పట్టుకున్నవాళ్లలో ఒక ముసలామె, "అయ్యో, ఈ మాట చెప్పేదానికి ఇన్నేండ్లా! లాగండప్పా, కాళ్లు కాల్తా ఉండాయి" అంది. జనం నవ్వారు. ఆసామి కూడా నవ్వి, ఎందుకో ఆ సరం అంటించలేదు. డప్పులు మొదలయ్యాయి.

తమ్ముడు నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. వాడు అరుగు పక్కనుంచి కదిలి, మా ఇంటి మగవాడెవడూ ఎన్నడూ ముట్టని ఆ తాడు దగ్గరికి పోయి, ఆ ముసలామె వెనక నిలబడ్డాడు. కుడిచేత్తో తాడు పట్టుకున్నాడు. తరువాత ఎడమచెయ్యి కూడా వేశాడు. తేరు మలుపు తిరిగేదాకా నేను ఆ ఎడమచేతినే చూస్తూ నడిచాను.